గండ్రగొడ్డలికి ఆఖరి హాత్

మా ఆయనకు మాటలు రావు. మూగవాడేమీ కాదు, నోరు తెరిస్తే తెలుగు, మరాఠీ, హిందీ గడగడా మాట్లాడతాడు. కానీ నాతో మాట్లాడాల్సి వచ్చేసరికి అన్ని భాషలూ ఒక్కసారే అయిపోతాయి. "ఊ", "సరే", "చూద్దాం" అనే మూడు ముక్కలతో మా కాపురం ఇన్నేళ్లు నడిచిందంటే ఆ గొప్పతనం నాది, ఆయనది కాదు. అలాంటి మనిషి ఒక కాలేజీ పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని కబుర్ల మీద కబుర్లు చెబుతుంటే కడుపు మండదా? మండింది. ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు, అందుకే చెబుతున్నాను.

ఆయన పేరు మారోతి. నాందేడ్‌లో దెగ్లూర్ నాకా చౌరస్తా దాటాక లోపలి గల్లీలో మాకో రేకుల షెడ్డు ఉంది. ముందు సగం వడ్రంగి దుకాణం, వెనక సగం ఇల్లు, మధ్యలో ఒక తెర. ఆయన పుట్టింది గోదావరి ఒడ్డున బాబ్లీలో. వాళ్ల ఇంట్లో ఉలి పట్టినవాళ్లు ఎవరూ లేరు, అందరూ సేద్యం చేసేవాళ్లే. ఈయన్ని పొలానికి పంపితే దున్నడం మానేసి, నాగలి ఎక్కడ విరిగింది, ఎలా అతికించాలి అని చూస్తూ కూర్చునేవాడట. "వీనికి భూమి మీద లేదు, నాగలి మీదనే ఉంది పానం," అని మా అత్త పార్వతీబాయి నవ్వేది. మామకు మాత్రం నవ్వు రాలేదు. తీసుకెళ్లి ధర్మాబాద్‌లో ఒక మిస్త్రీ దగ్గర పడేశాడు.

అక్కడ గుమ్మాలు నేర్చాడు, మంచాలు నేర్చాడు, చివరికి దేవుడి మందిరాలకు లతలూ నెమళ్లూ చెక్కడం నేర్చాడు. పెళ్లయ్యాక నాందేడ్ వచ్చాం. ఇక్కడ నెమళ్లు ఎవరికి కావాలి? ప్లైవుడ్ కోయాలి, సన్‌మైకా అతికించాలి, అల్మారీ బిగించాలి. లతలు చెక్కే సన్న ఉలులు పెట్టె అడుగుకు చేరాయి. ఆయన ఏనాడూ దాని గురించి ఒక్క మాట అనలేదు కాబట్టి నేనూ అడగలేదు.

మా పని పద్ధతి ఒకటుంది. సామాను ఆయన చేస్తాడు. గరుకు కాగితంతో రుద్దడం, రంగు, పాలిష్, వార్నిష్ నావి. మా వైపు రంగులు వేసేవాళ్లు ఒక్కో పూతను ఒక్కో 'హాత్' అంటారు. హాత్ అంటే చెయ్యే, కానీ పనిలో ఉన్నప్పుడు పూత. "తలుపుకు ఇంకో హాత్ కావాలె" అంటే ఇంకో పూత పడాలని. అన్నిటికంటే పైన పడేది ఆఖరి హాత్. ముందు పూతల్లో తప్పు జరిగితే రుద్దేసి మళ్లీ వేసుకోవచ్చు. ఆఖరి హాత్‌లో దుమ్ము వాలినా, బ్రష్ గీత పడినా, ఆ సామాను ఉన్నన్నాళ్లూ అది కనబడుతూనే ఉంటుంది.

మా దుకాణంలో ఆఖరి హాత్ నేను తప్ప ఎవరూ వేయలేదు. గిరాకీ వచ్చి "ఎప్పుడిస్తవ్ మారోతి?" అంటే, "ఇందు హాత్ వడ్డంక," అనేవాడు. ఇందు అంటే నేను, ఇందుబాయిని. ఆ మాట వినడానికి పని లేకపోయినా తెర పక్కన నిలబడేదాన్ని. ఆ మాటతోనే దుకాణంలో సగం నాది అనిపించేది. అది పోతే నాకు మిగిలేదేమిటి? పొయ్యి. పొయ్యి ఎవరికి లేదు?

వానలు మొదలైన రోజుల్లో స్నేహల్ వచ్చింది. ధర్మాబాద్ పిల్ల, ఇక్కడ హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఇంట్లో తెలుగు, బయట మరాఠీ, నోట్లో రెండూ కలిసిపోయి ఉంటాయి. స్కూటీ ఆపి, రెయిన్‌కోటు విప్పకుండానే ఫోను మా ఆయన ముందు పెట్టింది.

"కాకా, గిది చేస్తరా? జమ్తదా మీకు?" చేతనవుతుందా అని.

అందులో ఒక బొమ్మ. జపాన్ వాళ్ల బొమ్మల కథలో ఆడమనిషట, అడవికి కాపలా ఉంటుందట. ఆకుపచ్చ జుట్టు, బట్టలు అంతంతమాత్రం. చేతిలో గండ్రగొడ్డలి. పిడి మనిషి భుజం దాకా ఉంది. పైన రెండు వైపులా చాటంత చాటంత రెక్కలు. రెక్కల మీదంతా చెట్టు వేళ్లు, తీగలు పెనవేసుకుని ఉన్నాయి. ఇనుము కాదట, మొత్తం చెక్కేనట. అడవిలో చెట్టే ఆమెకు ఇచ్చిందట.

"ఇది వట్టుకోని ఎవర్ని నరుకుతవు బిడ్డా?" అన్నాను తెర జరిపి.

"ఎవర్ని నరుకుత కాకూ! కాస్‌ప్లే ఇది. హైదరాబాద్‌ల పోటీ ఉన్నది."

కాకూ అంటే పిన్ని, అది తెలిసిందే. మిగతాది నాకు అర్థం కాలేదు. సాయంత్రం మా నిలేశ్ చెప్పాడు. మా అబ్బాయి ఈ ఊళ్లోనే వజీరాబాద్ పేటలో మొబైల్ దుకాణంలో పని చేస్తాడు, ఇలాంటివన్నీ వాడికి తెలుసు. "బొమ్మల కథల్ల ఉన్నోళ్ల లెక్క వేషం కట్టుకోని పోతరే అమ్మా. జాత్రల వేషగాళ్లు రారా, గట్లనే. వీళ్లు పైసలడుగరు, ఫోటోలు దిగుతరు, గంతె," అన్నాడు.

వేషం సంగతి సరే. నేను చూసింది మా ఆయన ముఖం. ఫోను దగ్గరగా పెట్టుకున్నాడు, దూరంగా పెట్టుకున్నాడు, రెండు వేళ్లతో బొమ్మను పెద్దది చేశాడు. ఆయనకు అది చేయడం వచ్చని నాకు ఆ రోజే తెలిసింది. తర్వాత నవ్వాడు. మా పెళ్లి ఫోటోలో కూడా లేదు ఆ నవ్వు, కావాలంటే తెచ్చి చూపిస్తాను.

"చేస్త," అన్నాడు.

చూద్దాం అనలేదు! వంటింట్లో రెండు అరలు కొట్టమని నేనడిగితే ఏళ్లకేళ్లు "చూద్దాం" అన్న మనిషి, ముక్కూమొహం తెలియని పిల్లకు "చేస్త" అన్నాడు.

ఆ పిల్ల వెళ్లాక అడిగాను. "గంత గొడ్డలి ఆమె ఎట్ల లేపుతది? సాగువాన్‌తోని చేస్తె ఆమె నడుము ఇరుగుతది."

"పిడికే సాగువాన్. రెక్కలకు పొనికి ఏస్త."

సాగువాన్ అంటే టేకు, బరువు. పొనికి అంటే నిర్మల్ బొమ్మలు చేసే చెక్క. చేతిలో పెడితే పెట్టినట్టే ఉండదు.

"పొనికి ఈడ యాడ దొరుకుతది?"

"నిర్మల్ పోత."

నా తమ్ముడి బిడ్డ పెళ్లి భైంసాలో అయితే, పని ఉందని ఈయన రాలేదు. నేను ఒక్కదాన్నే వెళ్లి, అందరికీ ఏదో సర్దిచెప్పి, తలవంచుకుని వచ్చాను. ఇప్పుడు ఆ భైంసా మీదుగానే, అదీ దాటి, చెక్కముక్క కోసం పోతాడట. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"పో! నిర్మల్‌ల దొరుకకుంటె నిజామాబాద్ గూడ పో. నేనైతె దాని మీద చెయ్యి పెట్ట. రుద్దుడు లేదు, రంగు లేదు, ఏది లేదు. ఆ పిల్లతోనే ఏపిచ్చుకో!"

అని, ఆగి, ఆయన వైపు చూశాను. "గట్లంటవేంది ఇందూ" అంటాడనుకున్నాను. "నువ్వు లేకుంటె ఎట్లయితది" అంటాడనుకున్నాను. ఆయన కొలత పట్టీ జేబులో పెట్టుకున్నాడు.

"సరే," అన్నాడు.

నిర్మల్ నుంచి వచ్చేటప్పుడు దారంతా వాన. చెక్కకు ప్లాస్టిక్ కాగితం చుట్టి, దాని మీద గొడుగు పట్టి, తాను తడిసి ముద్దై వచ్చాడు. తల తుడుచుకోమని తువ్వాలు ఇస్తే దాంతో ముందు చెక్కను తుడిచాడు. జ్వరం వస్తే కషాయం కాచేది నేను కదా, ఆ చెక్క కాదు కదా. ఆ మాటే అన్నాను. "ఊ," అన్నాడు.

మర్నాడు పెట్టె అడుగు నుంచి ధర్మాబాద్ నాటి ఉలులు తీశాడు. తుప్పు వదిలించి, రాయి మీద నూరి, బొటనవేలి గోటి మీద పదును చూసుకున్నాడు. పొనికి మెత్తటి చెక్క, ఉలి పోయిందంటే చప్పుడు కూడా ఉండదు. చెక్కలోంచి ఒక వేరు లేచేది, ఆ వేరు పక్కన ఇంకో వేరు, వాటి మధ్యలోంచి సన్నటి తీగ. అన్నం చల్లారిపోతోందని పిలిస్తే "ఊ" కూడా ఉండేది కాదు. గోడకు ఆనించిన అల్మారీ తలుపులు రంగుకు నోచుకోకుండా అలాగే నిలబడ్డాయి. వాటితో పాటు నేనూ.

ఆ పిల్ల కాలేజీ అవగానే రోజూ వచ్చేది. చాయ్ ఎవరు పెట్టాలి? నేనే. "కాకూ, మీ చాయ్ ఏక్‌దమ్ భారీ!" అనేది. చాయ్‌ని పొగిడితే కరిగిపోవడానికి నేనేం చక్కెర బిళ్లను కాను.

అసలు మంట అది కాదు. మా ఆయన ఆమెతో మాట్లాడేవాడు! గోదావరికి వరద వస్తే కొట్టుకొచ్చే దుంగల కోసం నీళ్లలో దిగి, వాళ్ల నాయన చేతిలో దెబ్బలు తిన్న సంగతి చెప్పాడు. మిస్త్రీ దగ్గర మొదటిసారి నెమలి చెక్కబోతే అది కోడి అయిందట. మిస్త్రీ దాన్ని పారేయకుండా "గిది మారోతి కోడి" అని వచ్చినవాళ్లందరికీ చూపించేవాడట. ఒకరోజు ఏడ్చి బాబ్లీకి నడిచి పారిపోతే, ఊరి పొలిమేర దాకా వెళ్లి, చేతులకు ఉలి లేక ఏమీ తోచక వెనక్కి వచ్చాడట. ఇవేవీ నాకు తెలియదు. ఆయన పక్కన ఇన్నేళ్లు బతికిన పెళ్లాన్ని, ఆయన బతుకు కథ తెర వెనక నిలబడి విన్నాను.

"మంగ్ కాయ్ ఝాలం కాకా?" అని ఆ పిల్ల ఎగదోసేది. తర్వాతేమైంది అని మరాఠీలో. నేను అడగలేదా, తర్వాతేమైంది అని? ఆయన మొదలుపెట్టి ఉంటే అడిగేదాన్ని. మొదలే లేనిదానికి తర్వాత ఎక్కడి నుంచి వస్తుంది?

ఒకటి చెప్పాలి. ఆ పిల్ల మా నిలేశ్ కంటే చిన్నది. నాది ఆ రకం అనుమానం కాదు. ఒక్కసారి తప్ప. అది కూడా కాశీబాయి వల్ల.

కాశీబాయి మా పక్కింటామె. కూరగాయల బండి తోసుకుంటూ గల్లీలో వార్తలన్నీ పంచుతుంది. ఒక మధ్యాహ్నం నేను జొన్నరొట్టెలు చేస్తుంటే వెనక గుమ్మంలోంచి వచ్చి చెవి దగ్గర కూర్చుంది.

"ఇందూ, నువ్వు ఈడ రొట్టెలు కొడుతున్నవు. ఆడ మీ ఆయన ఆ పోరితోని 'హాత్ దే, ఘాబరూ నకోస్' అంటుండు. ఇప్పుడే చెవులార ఇన్న."

హాత్ దే, భయపడకు. హాత్ అనే మాట నేను రోజూ ఎన్నిసార్లు అంటానో లెక్కలేదు. నా బతుకంతా ఆ మాట మీదే గడిచింది. అయినా ఆ క్షణంలో పూత అనే అర్థం నా బుర్రలోకి రానే లేదు. చెయ్యి ఇమ్మంటున్నాడు, భయపడొద్దంటున్నాడు! ఓయమ్మో! పిండి చేతులతోనే లేచి, అందిన పప్పుగుత్తి పట్టుకుని, తెర ఒక్క లాగు లాగి దుకాణంలో పడ్డాను.

"ఎవరి చెయ్యి వడుతున్నవు?"

ఇద్దరూ బిత్తరపోయి చూశారు. ఆ పిల్ల చేతిలో బ్రష్ ఉంది. మా ఆయన ఇంత దూరంలో, గోడవార స్టూలు మీద ఉన్నాడు. గొడ్డలి రెక్క మీద సగం దాకా ఎర్రమట్టి రంగు పడి ఉంది. మొదటి హాత్ వేయిస్తున్నాడు.

"ఏమైంది?" అన్నాడు.

"రొట్టెలైనయి," అన్నాను.

"పప్పుగుత్తి ఎందుకు?"

"పప్పు గూడ అయింది."

వెనక కాశీబాయి చీర కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. నేనూ నవ్వేశాను. కానీ తెర వెనక్కి వచ్చి పీట మీద కూర్చున్నాక నవ్వు ఎగిరిపోయింది. ఆయన ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఉంటేనే బాగుండేది అనిపించింది. నిజంగా. పప్పుగుత్తితో రెండు తగిలించి, గల్లీ అంతా వినేలా తిట్టి, మనసు కడిగేసుకునేదాన్ని. ఆయన చెయ్యి పట్టలేదు. హాత్ ఇచ్చాడు. అది నాది.

ఆ తర్వాత రోజులన్నీ నా చెవులు తెరకే అతుక్కుపోయాయి.

"గట్ల గాదు బిడ్డా," అంటున్నాడు ఒకనాడు. "మణికట్టు తిప్పకు. మా ఆమె భుజం నుంచి గుంజుతది బ్రష్‌ను. ఈ కొస నుంచి ఆ కొసకు ఒక్క తీరుగ పోతది. నడుమ ఆగితె ఆడ మచ్చ వడ్తది. వార్నిష్ ఏసేటప్పుడు మా ఆమె ఊపిరి సుత ఆపుతది."

నేను ఊపిరి ఆపుతానా? నాకే తెలియదు. ఒట్టి బ్రష్ తీసుకుని గోడ మీద ఊరికే గీసి చూశాను. ఆపుతున్నాను! ఈయన తల వంచుకుని తన చెక్కలు తాను కోసుకుంటున్నాడనుకున్నాను ఇన్నాళ్లూ. చూస్తూనే ఉన్నాడన్నమాట. నా భుజం, నా మణికట్టు, నా ఊపిరి, అన్నీ చూసి దాచుకున్నాడు. ఆ మాటల్లో ఒక్కటి నా మొహం మీద అని ఉంటే, నేను అన్నం కూడా మరిచిపోయి సంబరపడేదాన్ని. పోయి పోయి ఆ పిల్లకు చెప్పాడు. పొగడ్త నాది, వినేది ఆమె. ఇంతకంటే అన్యాయం ఉంటుందా?

ఉంది. ఆ వెంటనే జరిగింది.

"ఆఖరి హాత్ నాడు జల్ది రా. ముందుగాల నేల మీద నీళ్లు చల్లాలె, ధూళి లేవకుంట. పంఖ బందు చెయ్యాలె. ఇది వానకాలం గద, వార్నిష్ డబ్బను గోరువెచ్చటి నీళ్ల గిన్నెల పెడితె పల్చగ పారుతది."

నేల తడపడం నేను కనిపెట్టింది. వేడినీళ్ల గిన్నె కూడా నేను కనిపెట్టిందే, ఒక వానకాలమంతా డబ్బాలకు డబ్బాలు పాడుచేసుకుని. మా గల్లీలో ఇంకే దుకాణంలోనూ తెలియదు. తెలుసుకుందామని వచ్చినవాళ్లకు నేను చెప్పలేదు, నవ్వి చాయ్ ఇచ్చి పంపాను. ఈయన దాన్ని శనగపప్పు పంచినట్టు పంచేశాడు. ఆ సాయంత్రం నేను కూరలో ఉప్పు వేయలేదు. కావాలనే. ఆయన తిన్నాడు, "సరే" అని లేచాడు.

ఆఖరి హాత్ రోజు రానే వచ్చింది. మర్నాడు పొద్దున హైదరాబాద్ బండికి ఆ పిల్ల వెళ్లాలి. వస్తూనే చున్నీ నడుముకు చుట్టుకుని నేల మీద నీళ్లు చల్లింది, నేను చల్లినట్టే, గోడ వార నుంచి మొదలుపెట్టి. వేడినీళ్లు నన్ను అడగడానికి ఎవరికీ ధైర్యం లేదు. మా ఆయనే వచ్చి పొయ్యి మీద గిన్నె పెట్టుకున్నాడు. నేను ఇటు తిరిగి కూర్చున్నాను.

తెర సందులోంచి చూస్తూ దేవుళ్లందరికీ మొక్కుకున్నాను. ఒక్క దోమ, ఒక్క ఈగ, ఏదో ఒకటి వచ్చి దాని మీద వాలాలి. నాందేడ్‌లో వానకాలం దోమలకు కరువా? మామూలు రోజుల్లో మనిషిని ఎత్తుకుపోతాయి. ఆ రోజు ఒక్కటంటే ఒక్కటి నా పక్షాన రాలేదు.

పని అయ్యాక మా ఆయన అన్నాడు, "ఆరేదాంక ఎవరు లోపలికి పోవద్దు. పా, నాకా మీద చాయ్ తాగుదాం." ఇంట్లో చాయ్ పెట్టనని నా మొహం చూస్తేనే తెలుస్తుంది. తలుపు దగ్గరికి వేసి ఇద్దరూ వెళ్లారు. వాళ్ల వెనకే నేను తెర దాటాను.

గొడ్డలి రెండు స్టూళ్ల మీద పడుకుని ఉంది. వంగి చూశాను. బాగుంది. అదే నా ఏడుపు. బాగా రాకపోయి ఉంటే నవ్వుకుని వచ్చి వంట చేసుకునేదాన్ని. ఎర్రటి రెక్క మీద ప్రతి వేరూ, వేరు మీద గీసిన ప్రతి గీతా తడితడిగా మెరుస్తోంది. బ్రష్ పోయిన జాడ లేదు. దుమ్ము లేదు. నేను మొదటిసారి ఆఖరి హాత్ వేసిన తలుపు అంతా చారలు పడింది, ఆయన ఒక్క మాట అనకుండా మొత్తం రుద్దుకున్నాడు. ఈ పిల్లకు మొదటిసారే ఇలా వచ్చింది. నేను పాతికేళ్ల మీద సంపాదించుకున్నదాన్ని ఈమె స్కూటీ మీద వచ్చి తీసుకుపోతోంది.

రెక్క మధ్యలో తీగలు లేని నున్నటి జాగా ఒకటి ఉంది. అక్కడ నా బొటనవేలు పెట్టాను. పెట్టి, నొక్కాను.

మెత్తగా దిగింది. తీసేసరికి వేలిముద్ర పడింది, నా వేలికి అడ్డంగా ఉన్న ఉలి గాటుతో సహా. నాకు అప్పుడూ తప్పు అనిపించలేదు, ఇప్పుడూ అనిపించడం లేదు. ఇప్పుడు చెప్పండి ఆఖరి హాత్ ఎవరిదో, అనుకున్నాను. వేలు కిరసనాయిలు గుడ్డతో తుడుచుకుని, వెళ్లి చేటలో బియ్యం ఏరడానికి కూర్చున్నాను.

వాళ్లు తిరిగొచ్చారు. తలుపు చప్పుడు, ఆ వెంటనే ఆ పిల్ల కేక.

"కాకా! హే కాయ్? గిదేంది? ఎవరు ముట్టిండ్రు దీన్ని?"

నేను చేటతో సహా తెర దగ్గరికి వచ్చాను. దాక్కోవడం నా వల్ల కాదు. ఆ పిల్ల గొడ్డలి మీదకు వంగి ఉంది, కళ్ల నిండా నీళ్లు. "రేపు పొద్దుగాలనే బండి ఉన్నది కాకా. మల్ల రుద్ది ఏస్తె ఆరుతదా? ఆరదు గద!"

మా ఆయన దగ్గరికి వెళ్లి చూశాడు. చాలాసేపు చూశాడు. ఆ అడ్డగాటు ఎవరిదో ఆయనకు తెలియకపోవడమేమిటి? అది ఆయన ఉలి తగిలి అయిందే, గుడ్డ చుట్టింది ఆయనే. తల ఎత్తి నా వైపు చూశాడు. నేను కూడా కళ్లు దించలేదు. అను, ఆ పిల్ల ముందే అను, నేనూ అంటాను, అని నోటి నిండా మాటలు పెట్టుకుని సిద్ధంగా ఉన్నాను.

"అది మా దుకాణం ముద్ర బిడ్డా," అన్నాడు.

ఆ పిల్ల ముక్కు ఎగబీలుస్తూ ఆగింది. "ముద్రనా?"

"ఆ. ఏసింది నువ్వే, మంచిగ ఏసినవు. గని ఇందు హాత్ వడకుంట మా కాడికెళ్లి ఏ సామాను గడప దాటదు. గందుకే ఆమె ముద్ర ఏసింది. నేనే ఏయమన్న. నీకు చెప్పుడు మరిచిన."

అబద్ధం! మా ఆయన అబద్ధం ఆడగా నేను ఎన్నడూ వినలేదు. ఎంత నున్నగా ఆడాడో, ఎక్కడా గరుకు తగల్లేదు. ఆ పిల్ల కళ్లు తుడుచుకుని మళ్లీ వంగింది. ఈసారి ఆ ముద్రను వేరే కళ్లతో చూసింది.

"ఖరచ్? నిజమేనా? గిది మీదా కాకూ? అరే, మస్తున్నది గద! ఆ అడవి మనిషి ముద్ర లెక్కనే ఉన్నది!" ఫోను తీసి దగ్గర నుంచి ఫోటో కొట్టింది. ఇంకో పక్కకు వెళ్లి ఇంకోటి కొట్టింది. "పోటీల అందరికి చూపెడత. మా కాకూది అని చెప్త," అని వచ్చి, నా చేటలోని బియ్యం ఒలికిపోయేలా నన్ను వాటేసుకుంది.

ఏం చేయను? చేతుల్లో చేట ఉంది, విడిపించుకోవడానికి లేదు. తడి జుట్టు వాసన, వార్నిష్ వాసన. పిల్ల మంచిదే. అదీ నాకు నచ్చలేదు.

పొద్దున వచ్చి గొడ్డలి తీసుకుపోతానని చెప్పి ఆమె వెళ్లిపోయింది. దుకాణంలో మేమిద్దరమే మిగిలాం. ఆయన కూర్చుని ఉలులు ఒక్కొక్కటీ తుడుస్తున్నాడు. తిడతాడని చూశాను. తిట్టడు. ఎంతసేపని చూడను?

"తిట్టరాదు," అన్నాను.

"ఎందుకు?"

"కోపం లేదా?"

"ఉన్నది. మస్తున్నది."

"మరి ఆ పిల్లకు నిజమెందుకు చెప్పకపోయినవ్?"

"చెప్తె ఆమె నిన్నేమనుకుంటది?"

నా నోట్లో దాచుకున్న మాటలన్నీ ఎక్కడివక్కడ పడిపోయాయి. ఒక్కటే మిగిలింది, అది మాత్రం ఆగలేదు.

"నా హాత్ ఆమెకెందుకిచ్చినవ్? నేల తడుపుడు, వేడినీళ్లు, నేను ఊపిరి ఆపుడు, అన్ని ఆమెకే చెప్తివి. నేను సచ్చిపోయిననుకున్నవా?"

ఆయన ఉలి పక్కన పెట్టాడు. నిజంగానే ఆశ్చర్యపోయాడు, నటన ఆయనకు రాదు.

"నువ్వే గద అన్నవు? చెయ్యి పెట్టనంటివి. ఆ పిల్లతోనే ఏపిచ్చుకొమ్మంటివి."

"అంటె? అంటె ఇంటవా?"

"మరేం చెయ్యాలె?"

"బతిమాలాలె!"

"బతిమాలితె హాత్ ఏద్దువా?"

"అయినా ఏయకపోదును!"

"మరింకేంది?"

"ఏయకున్నా బతిమాలాలె గద!" అని అరిచాను. అరిచేసరికి ఏడుపు తన్నుకొచ్చింది. చేట అక్కడే పడేసి గడప మీద కూలబడ్డాను. బయట కాశీబాయి బండి ఆగింది, వింటోందని తెలుసు. వింటే విననీ.

ఆయన లేచాడు. లోపలికి పోతాడేమో అనుకున్నాను. పోలేదు. గోడకు ఆనించిన అల్మారీ తలుపుల దగ్గరికి వెళ్లి, ఒకదాని మీద పేరుకున్న దుమ్మును అరచేత్తో తుడిచాడు. తర్వాత వచ్చి నా ముందు గొంతుక్కూర్చున్నాడు. ఆయన మెడ మీద చెమట, మీసంలో పొనికి పొట్టు.

"వీటికి హాత్ వడాలె," అన్నాడు. "జర ఏస్తవా ఇందూ?"

"ఏయ," అన్నాను.

ఆయన మళ్లీ అడిగాడు.